పెరటి కుంటలో కప్పలు: ఎండలు ముదిరేముందు ఏమేం చూసుకోవాలె?

పెరటికుంట, హనుమకొండ:

పెరట్లో సిమెంటు కుంట ఉన్నది. పొడుగు 10 అడుగులు, వెడల్పు 6, లోతు 2 అడుగులు. గోడలు నిట్టనిలువు. కట్టి రెండేండ్లు దాటింది. మూడో వంతు మీద కలువ ఆకులు, ఒక మూలకు తుంగ. చేపలు లేవు. పక్కనే వేపచెట్టు. మధ్యాహ్నం 12 నుంచి 4 దాకా నేరుగ ఎండ పడుతది. బోరు నీళ్లు మిద్దె మీది నల్ల ట్యాంకుకు ఎక్కి, అక్కడ్నుంచి పైపుల కుంటకు వస్తయి.

మొన్నటి అకాల వాన తర్వాత తుంగ కాడలకు చుట్టుకొని జిగురు తీగలు కనబడుతున్నయి, లోపల వరుసగ నల్ల చుక్కలు. కప్ప గుడ్లే అనుకుంటున్న. నీళ్ల మీద తేలుతూ, మనిషి అలికిడికి నీటి మీదనే ఎగురుకుంట పోయే కప్పలు ఏడాదంతా ఉంటయి.

బ్రిటన్ తోటల గురించి రాసినవి చదివితే వసంతంల మంచుకు గుడ్లు పాడైతయని, కుంటకు ఎండ బాగ తగలాలని, న్యూట్లు (బల్లి లెక్క తోక ఉండే, కప్పల లెక్క నీళ్లల గుడ్లు పెట్టే జీవులు) కూడ వచ్చి గుడ్లు పెడుతయని ఉన్నది. వరంగల్ ఎండకు ఇవి పనికొస్తయా? గుడ్లు పెట్టిన కుంటను మార్చి నుంచి జూన్ దాకా ఎట్ల కాపాడుకోవాలె? న్యూట్లను ఇక్కడ పెంచొచ్చా?

కప్పలలెక్క, ములుగు:

ముందు న్యూట్ల సంగతి. మన దగ్గర అవి లేవు, తెచ్చి పెట్టకండి. మన దేశంలో ఆ కుటుంబపు జీవులు డార్జిలింగ్ చుట్టుపక్కల, ఈశాన్య రాష్ట్రాల చల్లటి కొండల్లోనే ఉన్నాయి. హనుమకొండ మే నెల నీళ్లలో అవి బతకవు.

మీరు చదివిన సలహాలు అక్కడికి సరైనవే. బ్రిటన్‌లో మామూలు కప్ప ఫిబ్రవరి, మార్చిలో ముద్దలుగా గుడ్లు పెడుతుంది. ముద్ద పైకి తేలి ఉంటుంది కాబట్టి మళ్లీ నీరు గడ్డకడితే పై పొర గుడ్లు చస్తాయి, నీటిలో మునిగినవి చాలావరకు బతుకుతాయి. న్యూట్లు రాత్రి చలి 5 డిగ్రీలు దాటాక, నేల తడిగా ఉన్నప్పుడు కుంటల వైపు నడుస్తాయి. ఆడది ఒక్కో గుడ్డును ఒక్కో ఆకులో మడిచి దాస్తుంది. ఎండ తగిలితేనే అక్కడి నీళ్లు పిల్లలు పెరిగేంత వెచ్చబడతాయి. అంటే చలి వదలడమే వాటికి సంకేతం. మన కప్పలకు సంకేతం వాన. ఆ వాన మృగశిర కార్తెకు గానీ గట్టిగా రాదు. కాబట్టి మార్చి నుంచి జూన్ మొదటి వారం దాకా మన కుంట పని పిల్లల్ని పెంచడం కాదు, ఉన్నవాటిని బతికించడం. అక్కడ ఎండకు కుంటను తెరవమంటారు, ఇక్కడ ఎండకు మూయాలి.

మీ కుంటలో రెండు రకాలు ఉన్నట్టు తెలుస్తోంది. నీటి మీద ఎగురుకుంటూ పోయేవి నీళ్లను వదలవు. నీళ్లుంటే ఏడాదిలో చాలా నెలలు గుడ్లు పెడతాయి, వానాకాలంలో ఎక్కువ. జిగురు తీగలు మాత్రం ఒంటినిండా పొక్కులుండే గోదురుకప్పవి, అదే టోడ్. ఒక్కో ఆడది వేలల్లో గుడ్లు పెడుతుంది. అకాల వానకు మోసపోయి ముందే గుడ్లు పెట్టేది ముఖ్యంగా ఇదే. మన వేడికి గుడ్డు ఒకటి రెండు రోజుల్లో పగులుతుంది. నల్లటి తోకకప్పలు గుంపుగా తిరుగుతాయి. నెల నుంచి నెలన్నరలో కాళ్లొచ్చి, సెంటీమీటరు సైజు పిల్లలై గట్టుకెక్కుతాయి. ఈ లెక్కన మీవి ఏప్రిల్ మధ్యలో గట్టెక్కుతాయి. అది కష్టమైన సమయం, దాని గురించి కింద రాస్తాను.

పసుపు రంగు తిరిగే పెద్ద బుల్‌ఫ్రాగ్, ఒళ్లు ఉబ్బించుకునే బెలూన్ కప్ప, ఇసుకలో దూరే పొట్టి కప్ప ఇప్పుడు మట్టి లోపల ఉంటాయి. కుంట చుట్టూ రెండు మూడు అడుగుల మేర మేలో పలుగుతో తవ్వకండి. తొలకరికి అవే బయటికొస్తాయి. బాత్‌రూం గోడల మీద కనిపించే గోధుమరంగు చెట్టు కప్ప వానాకాలంలో నీటి పైన, ఆకుకో గోడకో నురగ గూడు కడుతుంది. పిల్లలు అందులోంచి నీళ్లలోకి రాలతాయి. నురగ చూసి ఏదో మురికి అనుకొని కడిగేస్తుంటారు, వదిలేయాలి.

ఇప్పుడున్న గుడ్లను కదపకండి. తెల్లబడినవి చచ్చినవి, వాటి మీద దూది బూజు పడుతుంది. ఆ తీగ ముక్కను మాత్రం కత్తెరతో కోసి తీసేయండి, బూజు పక్కవాటికి పాకుతుంది. పెరట్లోనే ఏదైనా గుంటలో గుడ్లు పడి అది ఎండిపోతుంటే బకెట్‌తో తెచ్చి వేయొచ్చు. బకెట్‌ను అరగంట కుంట నీళ్లలో తేల్చి, వేడి సమానమయ్యాక వంచండి. చెరువు నుంచో పొలం నుంచో మాత్రం తేకండి. వాటితో చర్మ రోగాలు, చేప గుడ్లు, గుర్రపుడెక్క వస్తాయి.

నీళ్లలెక్క, కాజీపేట:

అన్నా, కప్పల సంగతి పైన చెప్పిండ్రు, నేను నీళ్ల సంగతి చెప్త. నీ కుంటల అసలు ప్రమాదం మిద్దె మీది నల్ల ట్యాంకు.

మే నెల మధ్యాహ్నం ఆ ట్యాంకు పై నీళ్లు, ఎండల పడి ఉన్న పైపుల నీళ్లు చెయ్యి పెట్టలేనంత కాగుతయి. చాలా జాతుల తోకకప్పలు 40 డిగ్రీల దగ్గర తట్టుకోలేవు. సాయంత్రం నాలుగింటికి పైపు పెట్టి వదిలితే పైపు మూతి దగ్గర ఉన్నవన్నీ ఒక్క నిమిషంల చస్తయి. నీళ్లు పోసుడు తెల్లారకముందు, ఐదారు గంటలకు పెట్టుకో. పైపుల నిలిచిన నీళ్లు ముందు మొక్కలకు వదిలి, చేతికి చల్లగ తగిలినంక కుంటకు తిప్పు. పైపు నీటిల ముంచకు, అడుగు ఎత్తునుంచి బండ మీద పడనియ్యి. బోరు నీళ్లల ప్రాణవాయువు తక్కువ ఉంటది, చిమ్ముకుంట పడితే కొంత కలుస్తది.

ఎంత పోయాలె? నీ కుంట పై వైశాల్యం సుమారు 5.6 చదరపు మీటర్లు. ఒక్క మిల్లీమీటరు ఆవిరైతే 5.6 లీటర్లు పోయినట్టు. గాలి దుమారంతోని 43, 44 డిగ్రీలు కొట్టే రోజు సెంటీమీటరు దాకా దిగుతది, అంటే 56 లీటర్లు, దగ్గర దగ్గర నాలుగు బిందెలు. అంతకన్న మస్తు దిగుతున్నదంటే ఆవిరి కాదు, పగులు. ఒక బకెట్ల నీళ్లు నింపి కుంట పక్కనే అదే ఎండల పెట్టి, రెండిట్ల ఎంతెంత దిగిందో పోల్చి చూడు.

ఇంకో చిక్కు ఉన్నది. ఆవిరైతే నీళ్లే పోతయి, ఉప్పులు కుంటలనే ఉంటయి. సగటున రోజుకు 40 లీటర్లు అనుకున్నా వంద రోజులకు 4,000 లీటర్లు. నీ కుంట నిండితే 3,400. అంటే జూన్ వరకు బోరు ఉప్పు రెండింతలు దాటుతది. అందుకని వారానికొకసారి 300 లీటర్లు తోడి మొక్కలకు పోసి, ఆ మేరకు కొత్త నీళ్లు నింపు. ఒకేసారి సగం మార్చుడు వద్దు, వేడి, గాఢత రెండూ ఒక్కసారి మారితే తోకకప్పలు తట్టుకోవు.

నల్లా నీళ్లు వాడితే క్లోరిన్ ఉంటది. మూత లేని డ్రమ్ముల ఒకరోజు ఎండకు పెడితే మామూలు క్లోరిన్ పోతది. తొందరుంటే అక్వేరియం దుకాణంల సోడియం థయోసల్ఫేట్ పలుకులు దొరుకుతయి, వెయ్యి లీటర్లకు 4, 5 గ్రాములు సరిపోతయి. మిద్దె ట్యాంకుల బ్లీచింగ్ వేసి కడిగిన వారం మాత్రం ఆ నీళ్లు కుంటకు అసలే వదలకు.

నీడ: 50 శాతం గ్రీన్ నెట్ పడమర, దక్షిణం దిక్కు నుంచి వచ్చే ఎండకు అడ్డంగ, నీటికి 6 అడుగుల ఎత్తున కట్టు. నీటిని ఆనుకొని కట్టితే గాలి ఆడదు. కలువ ఆకులు సగం దాకా పెరగనియ్యి. అంతరతామర వేస్తే నీడ తొందరగ వస్తది గాని వారం వారం తియ్యకపోతే మొత్తం కప్పేస్తది, అప్పుడు కింద ప్రాణవాయువు ఉండదు. లోతు 2 అడుగులుండుడు నీ అదృష్టం. పైన 36 ఉన్నా అడుగున రెండు మూడు డిగ్రీలు తక్కువ ఉంటది, తోకకప్పలు మధ్యాహ్నం కిందికి దిగుతయి. నీళ్లు అడుగులోతుకు పడిపోనియ్యకు.

పెరటికుంట, హనుమకొండ:

వివరంగ రాసినందుకు ఇద్దరికీ థాంక్స్. ఇంకో మూడు సంగతులు. ఒకటి, తెల్లారుజామున చూస్తే పోయిన బ్యాచ్ తోకకప్పలు చాలావరకు పైకొచ్చి మూతులు తెరుస్తున్నయి, ఎండెక్కినంక మామూలుగ తిరుగుతున్నయి. నీళ్లు పచ్చగున్నయి. సోలార్ ఫౌంటెన్ ఉన్నది, పొద్దంత నడుస్తది. రెండు, దోమల కోసం గంబూసియా చేపలు వెయ్యమని పక్కింటోళ్లు అంటున్నరు. మూడు, కప్పలుంటే పాములొస్తయని ఇంట్ల భయం.

నీళ్లలెక్క, కాజీపేట:

తెల్లారంగ పైకొచ్చి గాలి మింగుతున్నయంటే రాత్రి ప్రాణవాయువు అయిపోతున్నట్టే. నీళ్లు వేడెక్కినకొద్దీ అది తక్కువ పడుతది: 10 డిగ్రీల నీళ్లల లీటరుకు 11 మిల్లీగ్రాముల పైన కలిసి ఉండొచ్చు, 35 డిగ్రీల కాడ 7 కూడ ఉండదు. పచ్చ నాచు పొద్దున ప్రాణవాయువు ఇస్తది, రాత్రి అదే పీల్చుకుంటది. సూర్యుడు వచ్చే ముందు గంట అన్నిటికన్న తక్కువ. నీ సోలార్ ఫౌంటెన్ అవసరం లేనప్పుడు నడిచి, అవసరమైనప్పుడు ఆగుతున్నది.

5 నుంచి 10 వాట్ల అక్వేరియం గాలి పంపు, రెండు గాలి రాళ్లు (గొట్టం చివర బుడగలు వదిలేవి) తీసుకో. రాళ్లు నీటికి అడుగు లోతున వేలాడదియ్యి, మరీ అడుగున పెడితే బురద లేస్తది. రాత్రి 10 నుంచి పొద్దున 8 దాకా నడువనియ్యి. పంపు నీటి మట్టం కన్న ఎత్తున ఉండాలె, లేకుంటే కరెంటు పోయినప్పుడు నీళ్లు గొట్టంల వెనక్కి ఎక్కి పంపు పాడైతది. రూపాయి బిళ్లంత చెక్ వాల్వ్ గొట్టంల పెడితే ఇంకా నయం. ఫౌంటెన్ పంపు నీళ్లు లాగే చోట స్పాంజి చుట్టు, తోకకప్పలు లోపలికి పోయి రెక్కల కింద నలుగుతయి.

పచ్చదనానికి మూలం అడుగున ఉన్న వేపాకు. ఫాల్గుణంల వేప రాల్చిందంతా కుంటల పడి కుళ్లుతది. ఇప్పుడే చెట్టు దిక్కు నుంచి సన్న వల ఏటవాలుగ కట్టు, ఆకు జారి బయట పడాలె. అడుగు బురద ఇప్పుడు గుడ్లున్నయి కాబట్టి ముట్టకు, కలకబెడితే ఉన్న ప్రాణవాయువు కూడ పోతది. తీసేది జనవరిల, అది కూడ సగమే. తీసిన బురద ఒకరోజు గట్టు మీదనే ఉంచితే అందులో చిక్కిన పురుగులు, కప్పలు మళ్ల నీళ్లల్లకు పోతయి.

నీళ్లు తేటగ కావాలని పటిక, సున్నం, ఉప్పు, బ్లీచింగ్ ఏదీ వెయ్యకు. అక్వేరియం కిట్టుతోని పీహెచ్ (నీళ్ల పులుపు, క్షారం కొలత) పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చూడు. 6.5 నుంచి 8.5 మధ్య ఉంటే బాగు. నాచు మస్తుగుంటే సాయంత్రం 9 దాటుతది. పీహెచ్, వేడి రెండూ పెరిగితే నీటిలోని అమ్మోనియా విషమైతది. తోకకప్పలకు అన్నం మెతుకులు, బ్రెడ్డు వేసేటోళ్లు ఉంటరు, అది కూడ కుళ్లి అమ్మోనియానే అయితది. నాచు ఉన్న కుంటల మేత అక్కర్లేదు.

కప్పదోమ, కరీంనగర్:

దోమల గురించి నేను చెప్తాను. గంబూసియా వేస్తే కప్పల కుంట ఇక ఉండదు. అవి కప్ప గుడ్లను తింటాయి, చిన్న తోకకప్పల తోకలు కొరికి చంపుతాయి. ఒకసారి వేస్తే కుంట ఎండగట్టేదాకా పోవు. గప్పీలు కాస్త మేలంటారు కానీ అవీ అప్పుడే పుట్టిన పిల్లల్ని వదలవు. కొర్రమీను సంగతి చెప్పనక్కర్లేదు, అది పెద్ద కప్పల్నే మింగుతుంది.

రెండేళ్లు దాటిన కుంటలో తూనీగ పిల్లలు, నీటి పురుగులు ఉంటాయి, దోమ లార్వాలను చాలావరకు అవే తింటాయి. తూనీగ పిల్ల కొన్ని తోకకప్పల్ని కూడా పట్టుకుంటుంది, పట్టుకోనివ్వండి. వేలల్లో పుట్టే గోదురుకప్పల్లో గట్టెక్కాల్సినవి కొన్నే. అయినా లార్వాలు కనిపిస్తుంటే బీటీఐ అనే బ్యాక్టీరియా మందు ఉంది, బాసిల్లస్ తురింజియెన్సిస్ ఇజ్రాయెలెన్సిస్. దోమ లార్వా పేగును దెబ్బతీస్తుంది, కప్పలకు హాని చాలా తక్కువ. దోమ గుడ్డు నుంచి రెక్కలొచ్చేదాకా ఈ వేడిలో వారం, పది రోజులే కాబట్టి వారానికోసారి, డబ్బా మీద రాసిన మోతాదులో వేయాలి. టెమీఫాస్ అనే దోమల రసాయన మందు, కిరోసిన్, పాత ఇంజిన్ ఆయిల్, ఆయిల్ బంతులు వద్దు. నూనె పొర కట్టిన నీటి మీద కప్ప గాలి పీల్చలేదు, దాని చర్మానికీ అంటుకుంటుంది. దోమల మందు కొట్టడానికి వచ్చినవాళ్లకు ఇది నిలవ మురుగు కాదు, కప్పలున్న కుంట అని ముందే చెప్పండి.

ఈ రెండు నెలల్లో విషం వచ్చే దారులు ఇంకా ఉన్నాయి. మామిడి పిందె దశలో తేనెమంచు పురుగుకు కొట్టే మందు గాలికి కొట్టుకొస్తుంది. మందు కొట్టే రోజు కుంట మీద పాత చీరో టార్పాలినో కప్పి, సాయంత్రం తీసేయండి. కలుపుకు గ్లైఫోసేట్ కుంట దగ్గర వద్దే వద్దు, అందులో కలిపే జిగురు మందు తోకకప్పలకు మరీ చెడ్డది. వేపనూనె సేంద్రియమే అయినా నీళ్లలో పడితే మంచిది కాదు. హోలీ రోజు రంగులు కడిగిన నీళ్లు ఎటు పోతాయో చూసుకోండి, చాలా ఇళ్లల్లో పెరటి వాలు కుంట వైపే ఉంటుంది.

డాబా నీళ్లు కుంటకు మళ్లించి ఉంటే తొలి వాన నీళ్లను వదిలేయండి. నాలుగు నెలల దుమ్ము, పావురాల రెట్టలు, డాబాకు పూసిన సున్నం అందులో ఉంటాయి. 100 చదరపు మీటర్ల డాబా మీద 1 మి.మీ. వానకు 100 లీటర్లు వస్తాయి. మొదటి 2 మి.మీ., అంటే 200 లీటర్ల డ్రమ్ము నిండేదాకా పక్కకు పోనిచ్చి, తర్వాతవి కుంటకు వదలండి. వడగళ్లు పడితే కుంటలో పడినవి కరిగిపోతాయి, ఫర్వాలేదు. డాబా మీద కుప్పపడిన వడగళ్ల నీళ్లు మాత్రం గొట్టం గుండా ఒక్కసారిగా దిగకుండా చూడండి.

కప్పలలెక్క, ములుగు:

పైన ఆపిన సంగతి ఇప్పుడు రాస్తాను, మీ కుంటకు అన్నిటికన్నా ముఖ్యమైనది. గోడలు నిట్టనిలువు అన్నారు. నీళ్లు గట్టుకు అరడుగు కింద ఉంటే, కాళ్లొచ్చిన పిల్ల కప్ప ఆ నున్నటి సిమెంటు ఎక్కలేదు. తోక కరిగిపోతున్నప్పుడు అది ఊపిరితిత్తులతో గాలి పీల్చే జీవి, ఈదుతూ ఉండలేదు, మునిగి చస్తుంది. నెలన్నర కష్టపడి పెంచి చివరి రెండు రోజుల్లో పోగొట్టుకునేది ఇక్కడే.

ఒక మూల అడుగు నుంచి గట్టు దాకా రాళ్ల మెట్లు పేర్చండి. మట్టం ఎంత దిగినా మెట్టు నీటిని తాకుతూనే ఉండాలి. అందుకే పైన ఒక్క పలక వాల్చితే చాలదు. రాళ్ల మీద తడిపిన గోనెసంచి పరిచి, దాని కింది అంచు నీళ్లలో ఉంచితే నీళ్లు పైకి పాకి గోనె తడిగానే ఉంటుంది. పిల్లలు పట్టు దొరికి ఎక్కుతాయి. ఎదురు మూలలో కూడా ఒకటి పెట్టండి, 10 అడుగుల కుంటకు ఒక్క దారి చాలదు.

గట్టెక్కాక ఏప్రిల్ నేల కాలుతుంటుంది. సెంటీమీటరు పిల్లకు చర్మమే కాదు, ప్రాణమే నిమిషాల్లో ఆరిపోతుంది. మెట్టు పైన నీడ ఉండాలి: పగిలిన కుండ పెంకులు బోర్లించి సగం మట్టిలో పూడ్చండి, పక్కన ఎండుటాకులు, కొబ్బరి పీచు పరిచి పొద్దున్నే తడపండి. గోదురుకప్పలు నోటితో నీళ్లు తాగవు, తొడల మధ్య పొట్ట చర్మంతో నేలలోని తడిని పీల్చుకుంటాయి. కాబట్టి అరంగుళం లోతు మట్టి మూకుడులో నీళ్లు పోసి నేలమట్టంగా పాతితే పెద్దవి కూడా రాత్రి వచ్చి కూర్చుంటాయి. పిల్లలు బయటికొచ్చే వారం రోజులు గడ్డి కోసే యంత్రం వాడకండి.

కరువు రోజుల్లో కప్పతల్లి ఆట కోసం పిల్లలు కప్పను అడిగితే, పట్టిన కప్పను నీడలో తడి గుడ్డలో ఉంచి గంటలోపే తిరిగి కుంట దగ్గర వదిలేయమనండి. ఎండలో రోకలికి కట్టి వాడంతా తిప్పితే అది బతకదు. మట్టి కప్ప చేసి ఆడించినా ఆట ఆటే.

కప్పదోమ, కరీంనగర్:

పాముల మాట మిగిలింది. కప్పలున్న చోటికి నీరుకట్టె పాము వస్తుంది, దానికి విషం లేదు. నాగుపాము కూడా కప్పల్ని తింటుంది కాబట్టి ఇంట్లోవాళ్ల భయం ఉత్తది కాదు. కుంటకూ ఇంటి గుమ్మానికీ మధ్య నాలుగడుగుల వెడల్పున గడ్డి లేని చదును నేల ఉంచండి. కట్టెల మోపు, ఇటుకల కుప్ప, కొబ్బరి మట్టలు గుమ్మం వైపు పెట్టకండి, పైన చెప్పిన పెంకులు, ఆకుల నీడ కుంటకు అవతలి వైపే ఉండాలి. గుమ్మం లైటుకు పురుగులు, పురుగులకు కప్పలు, కప్పలకు పాము వస్తాయి. రాత్రి ఆ లైటు ఆర్పేస్తే కప్పలు కుంట దగ్గరే ఉంటాయి. చీకటిలో గట్టు మీదికి వెళ్తే టార్చి, బూట్లు తప్పనిసరి.

పెరటికుంట, హనుమకొండ:

ఈ ఆదివారం రాళ్ల మెట్లు, వల, గాలి పంపు మూడూ పెడుత. మెట్లకు రాళ్లు పేర్చేటప్పుడు సిమెంటు వాడొచ్చా?

నీళ్లలెక్క, కాజీపేట:

గుడ్లు, తోకకప్పలు ఉన్నప్పుడు వద్దు. కొత్త సిమెంటు సున్నం వదిలి పీహెచ్ 11 దాటిస్తది. పాత కుంటల కొంచెం మాల్ పడ్డా చాలు, చుట్టూ ఉన్నవి పోతయి. వట్టి రాళ్లే, పెద్దవి కింద, చదునైనవి పైన, కదలకుండ చూసి పేర్చు. సున్నపు రాయి వద్దు, మన దగ్గర దొరికే గ్రానైట్ ముక్కలు మంచివి, కాని క్వారీ పొడి పోయేదాకా బయట రెండు మూడు సార్లు కడిగి పెట్టు. సిమెంటు పనే కావాలంటే వచ్చే జనవరిల కుంట ఖాళీ చేసినప్పుడు చెయ్యి. మూడు వారాలు నీళ్లు పట్టు. తర్వాత నింపి, వారం ఉంచి, తోడి పారబొయ్యి. ఇట్ల మూడుసార్లు చేసి పీహెచ్ 8.5 లోపలికి దిగిందని చూసినంకనే మొక్కలు పెట్టు.